అంచున తెల్లమచ్చ

ఫిబ్రవరి 11

పుండు మామూలుది కాదని తేలింది. నాలుకకు ఎడమ పక్కన, పన్ను ఒరుసుకునే చోట ఉంది. పన్ను గీరుకుని వచ్చిందని ఆయన ఇన్నాళ్లూ వాదించారు. చివరికి పన్ను పీకించుకున్నారు. పన్ను పోయింది, పుండు ఉంది.

సర్జన్ నెమ్మదస్తుడు. కాగితం మీద నాలుక బొమ్మ వేసి, మధ్యలో గీత గీసి, "ఈ పక్క తీసేస్తే సరిపోతుంది" అన్నారు.

"ఎవరికి సరిపోతుందండీ?" అన్నారు ఈయన. "నేను పాట పాడి బతికేవాణ్ణి. సగం నాలుకకి సగం రేటే పలుకుతుంది."

"సింగరా మీరు?"

"పళ్ల మార్కెట్లో వేలంపాట."

సర్జన్ నవ్వారు. నర్సు కూడా నవ్వింది. తన జబ్బు సంగతి విన్న మరుక్షణం గదిలో ఇద్దరిని నవ్వించగల మనిషి ఈయన. మార్కెట్లో ఆయన పేరు మైకు. మైకు లేకుండానే షెడ్డు ఆ చివర నిలబడ్డవాడికి వినిపిస్తుంది. ఇంట్లోనూ అదే గొంతు. ఇల్లు షెడ్డంత ఉండదు కదా.

బస్సులో దారంతా కిటికీలోంచే చూస్తూ కూర్చున్నారు. భయపడ్డారు. నాకూ భయం వేసింది. అది రాసి పెట్టుకోవాలి, నాకూ భయం వేసిందని.

ఫిబ్రవరి 14

ఈ రోజు స్కాన్. స్కానింగ్ డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి కంటే కాస్త పెద్దదేమో. మాట్లాడుతూ పెన్ను మూత కొరుకుతుంది. మమ్మల్నిద్దరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి నాలుకను చూపించింది. బూడిదరంగులో, అడ్డంగా కోసిన పండులా ఉంది. ఎడమ అంచున తెల్లగా ఒక ముద్ద.

"కోయకుండా ఇంకో దారి ఉందండీ," అంది. "నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. నాలుగు రోజులకి అది జబ్బున్న చోట బాగా పడుతుంది. అప్పుడు అక్కడ ఎర్రటి లేజరు లైటు వేస్తారు. మందూ లైటూ కలిసిన చోట జబ్బు చస్తుంది. లైటు కొంత లోతు వరకే వెళ్తుంది, కానీ మీది పల్చగానే ఉంది. తర్వాత ఎంత చచ్చింది, ఏమైనా మిగిలిందా అన్నది స్కాన్లు తీసి నేను కనిపెట్టుకుని ఉంటాను."

"నాలుక?"

"నాలుక ఉంటుంది. కొన్నాళ్లు వాస్తుంది, అంతే."

"అయితే లైటే," అన్నారు. బేరం కుదిరినప్పుడు మార్కెట్లో చరిచినట్టు బల్ల మీద అరచేత్తో చరిచారు.

"సర్జన్‌ గారు చెప్పినట్టు చేస్తే ఒక్కసారితో పోతుందేమో కదండీ," అన్నాను.

"నిన్నెవరడిగారే, మొద్దూ?"

డాక్టరమ్మ స్క్రీన్ వైపు తిరిగి, చూడాల్సిందేదో ఉన్నట్టు చూసింది.

మొద్దు అన్నది పెళ్లైన మొదటి నెలలో పెట్టిన పేరు. అమ్మాయిని బడిలో వేసినప్పుడు టీచరు మీ అమ్మ పేరేంటి అని అడిగితే, "మొద్దు" అని చెప్పిందట. ఆ కథ ఆయన ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతారు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

ఫిబ్రవరి 15

సర్జరీ అయితే ఒక్కసారితో పోయేది. ఆయన మేలు కోసమే అంటున్నాను.

ఫిబ్రవరి 22

మందు ఎక్కించాక వెలుతురు తగలకూడదట. ఎండ తగిలితే చర్మం కాలిపోతుంది. బల్బు వెలుతురు కూడా ఎక్కువ పనికిరాదు. రెండు వారాలు గట్టిగా, ఆ తర్వాత కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోవాలి.

కిటికీలన్నిటికీ నల్ల కర్టెన్లు కుట్టాను, రెండు పొరలు వేసి. నా చేతికి వచ్చే పని అంతా ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, బిగుతైన జాకెట్లు వదులు చేయడం. ఒక ఇంటిని మొత్తం మూసేయడం ఇదే మొదటిసారి. ఆయన వెనక నిలబడి చూసి, "కుట్టు వంకర పోయింది, నీ బుర్రలాగే," అన్నారు. చీకట్లో ఎవరు చూస్తారు అనలేదు నేను.

ఫిబ్రవరి 25

నిన్న మందు ఎక్కించారు. టోపీ, చేతితొడుగులు, ముఖానికి నా శాలువా, నల్లకళ్లద్దాలు పెట్టి అద్దె కారులో తీసుకొచ్చాను. మెట్లమీద కింది వాటావాళ్లు చూసి జడుసుకున్నారు. "దొంగసొమ్ము దించుతోంది మా ఆవిడ," అన్నారు శాలువా లోపల్నుంచి. వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు.

ఫిబ్రవరి 27

టీవీ లేదు, పేపరు లేదు, ఫోను చూడకూడదు. ఇక మిగిలింది నేను.

చీకట్లో కూర్చోబెట్టుకుని మాట్లాడుతున్నారు. జావలో ఉండలు. కర్టెన్ కింద సందు. ఎప్పుడో మా తమ్ముడి పెళ్లికి నేను కట్టుకున్న చీర రంగు. అమ్మాయి కాలేజీ ఊళ్లోనే ఉన్నా హాస్టల్లో ఎందుకు చేరింది, నా పెంపకం ఎలా ఏడ్చింది. హాస్టల్లో ఎందుకు చేరిందో ఆయనకి తెలియదు. అమ్మాయి నాకు చెప్పింది. "అమ్మా, అక్కడ నిశ్శబ్దంగా ఉంటుంది."

చీకట్లో ముఖం కనిపించదు కాబట్టి కాస్త నయంగా ఉంటుందనుకున్నాను. ముఖం లేని గొంతు ఇంకా పెద్దది.

మా అమ్మ పోయిన రోజు గుర్తొచ్చింది. నేను ఏడుస్తుంటే వచ్చినవాళ్ల ముందు, "ఏంటా చప్పుడు, కుట్టుమిషనుకి నూనె అయిపోయిందా?" అన్నారు. అక్కడున్నవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. మా పిన్ని కూడా. వాళ్లను తప్పుపట్టను. ఆయన మాటకి నవ్వకుండా ఉండటం కష్టం. ఆయన బలమే అది.

ఫిబ్రవరి 28

లైటు వేశారు. నేను బయట కూర్చున్నాను. కొద్ది నిమిషాల పనేనట. అద్దాల కిటికీకి లోపల్నుంచి కాగితం అంటించారు, అంచుల్లోంచి ఎర్రగా కనిపించింది.

మార్చి 2

నాలుక వాచి నోరు నిండింది. ముక్కులోంచి ట్యూబు వేసి పాలు పోస్తున్నారు. మాట లేదు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. చాలా నొప్పి. చూడలేకపోతున్నాను.

మార్చి 3

నాకు నిద్ర బాగా పట్టింది.

మార్చి 5

స్కాన్. డాక్టరమ్మ సంతోషంగా ఉంది. ముద్ద ఉన్న చోట ఇప్పుడు నల్లటి గుంట. ఆవిడ చెప్పింది మరిచిపోకుండా రాసుకుంటున్నాను. స్కాన్లో వేరే మందు ఒకటి ఎక్కిస్తారు. రక్తం ఆడుతున్న చోటికి ఆ మందు వెళ్లి తెల్లగా కనిపిస్తుంది. చచ్చిన చోటికి వెళ్లదు, నల్లగా ఉండిపోతుంది. నలుపు మంచిది. చుట్టూ తెల్లటి వలయం ఉంది, అది వాపు. వాపు కూడా తెల్లగానే కనిపిస్తుందట. జబ్బూ తెల్లగానే కనిపిస్తుందట.

"మరి ఏది ఏదో ఎలా తెలుస్తుంది?" అని అడిగాను.

"మంచి ప్రశ్న అడిగారు," అంది. ఆ మాట నాతో ఎవరైనా అని ఎంత కాలమైందో. "కొన్నిసార్లు చూడగానే తెలియదండీ. ఆగి మళ్లీ తీయాలి. వాపైతే తగ్గుతుంది, జబ్బైతే పెరుగుతుంది."

మార్చి 8

ఇంటికొచ్చాం. ట్యూబు తీశారు. చెంచాతో జావ తాగుతున్నారు. మాట ఇంకా రాలేదు.

మా ఫ్రిజ్ మధ్యమధ్యలో చిన్నగా గుర్రుమంటుంది. ఇన్నేళ్లలో వినలేదు. పైవాటాలో ఎవరో పియానో నేర్చుకుంటున్నారు, ఒకే ముక్క మళ్లీ మళ్లీ. నా కుట్టుమిషను పెడలు దగ్గర కిచకిచమంటుంది, నిజంగానే నూనె అయిపోయింది.

పలక ఇచ్చాను, కావలసింది రాయమని. "నీళ్లు" అని రాస్తారు. "దుప్పటి" అని రాస్తారు. అంతే. తిట్టు రాయాలంటే ఓపిక ఉండాలి. ఆయనకి ఓపిక లేదు.

మార్చి 10

బట్టలు ఇవ్వడానికి వచ్చిన టీచరమ్మ కూర్చుంది. మామూలుగా గుమ్మంలోంచే వెళ్లిపోతుంది. చాలాసేపు కబుర్లు చెప్పుకున్నాం. నేను గట్టిగా నవ్వాను. లోపల ఆయన చెంచాతో గిన్నె మీద కొట్టారు. వెళ్లి చూస్తే ఏమీ అక్కర్లేదు. నేను నవ్వడం వినిపించిందని కొట్టారు.

మార్చి 12

ఇది నా ఇల్లు అనిపించింది. ఇలా రాయకూడదు.

మార్చి 19

మాట వచ్చింది. మొదటి మాట "మొద్దూ." స్పష్టంగా.

మార్చి 21

ఇన్నాళ్ల బాకీ తీరుస్తున్నారు. టీచరమ్మ జాకెట్టు తీసుకోవడానికి వస్తే, "మా ఆవిడ కుట్టింది వేసుకుంటే మీకు వేరే జబ్బులు అక్కర్లేదు," అన్నారు. అదే నవ్వుతూ. ఆవిడ నవ్వలేదు. మిగతా రెండు బట్టలు కుట్టకుండానే తీసుకెళ్లిపోయింది.

ఏప్రిల్ 4

సాయంత్రం ఎండ తగ్గాక మార్కెట్‌కి వెళ్లి వచ్చారు. ఖాళీ షెడ్డులో నిలబడి గొంతు పరీక్ష చేసుకున్నారట. ఆ చివరనున్న వాచ్‌మన్ చెయ్యి ఊపాడట. చిన్నపిల్లవాడిలా చెప్పారు. ద్రాక్షపళ్లు తెచ్చారు, గింజలున్నవి, నాకిష్టమైనవి. "తిను, నీకే," అన్నారు. తిన్నాను. తీపిగానే ఉన్నాయి.

ఇలాంటి రోజులు కూడా ఉంటాయి. అందుకే కష్టం.

ఏప్రిల్ 17

స్కాన్. లోపలికి వెళ్లేముందు నా చెయ్యి పట్టుకున్నారు. నేనూ పట్టుకున్నాను. ఉంగరం తీసి ఇవ్వడానికి పట్టుకున్నారు, లోపలికి లోహం తీసుకెళ్లకూడదు కదా.

రిపోర్టు రేపు చెబుతారు. రేపు పొద్దున ఆయన మళ్లీ పాట మొదలుపెడుతున్నారు. "నువ్వెళ్లి విను. అర్థం కాకపోతే అర్థమయ్యేదాకా అడుగు. వచ్చి నాకు చెప్పు."

ఏప్రిల్ 18

డాక్టరమ్మని కలిశాను. అంచున తెల్లమచ్చ ఉంది. ఆయనకి చెప్పాను. సర్జరీ చేయించుకోవాలి.

ఏప్రిల్ 19

మచ్చ ఉందని చెప్పింది డాక్టరమ్మే. నేను కల్పించింది ఏమీ లేదు.

ఏప్రిల్ 21

ఎలా చెప్పానో రాసుకుంటున్నాను.

ఆయన మార్కెట్ నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే కూర్చున్నారు. గొంతు బొంగురుపోయి, ముఖం వెలిగిపోతూ ఉంది. నెలల తర్వాత పాట పాడి వచ్చిన ముఖం.

"చెప్పు."

"అంచున తెల్లగా మచ్చ ఉందండీ. చూపించారు నాకు."

"జబ్బేనా?"

"ఉండొచ్చు అన్నారు."

"ఉండొచ్చు అంటే?"

"పెరిగితే సగం నాలుకతో పోదు అన్నారు."

ఒక బూటు విప్పారు. తర్వాత, "సర్జన్‌కి ఫోన్ చెయ్యి," అన్నారు. ఫోన్ చేశాను. నేను చెప్పిన ప్రతి మాటా డాక్టరమ్మ నోటినుంచి వచ్చిందే. వేరే మాటలు కూడా ఉన్నాయి. ఇంటికొచ్చేసరికి గుర్తుకు రాలేదు.

ఏప్రిల్ 24

గుర్తుకు రాకపోవడం కాదు.

ఆవిడ స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించింది. నల్లటి గుంట పూడుకుపోతోంది, దాని అంచున గోరంత తెలుపు. "వాపే అయ్యుండాలి," అంది. "జబ్బు ఉండొచ్చు కూడా, కాదనలేను. పెరిగితే సగం నాలుకతో పోదు. కానీ నన్నడిగితే తొందర వద్దు. ఇప్పుడు ముక్క తీసి పరీక్ష చేసినా పచ్చి పుండులో ఏదీ సరిగ్గా తేలదు. ఆరు వారాలు ఆగి మళ్లీ స్కాన్ తీద్దాం."

"ఆగితే ప్రమాదం లేదా?"

"కొంచెం ఉంది. కోయడంలో ఉన్నంత లేదు. ఆయన గొంతు మీద బతికే మనిషి అన్నారు కదా. రెండూ చెప్పండి, ఆయన్నే నిర్ణయించుకోనివ్వండి. సర్జన్ మాత్రం తీసేద్దామంటారు, ఆయనెప్పుడూ అంతే."

రెండూ చెప్పండి, అంది.

బస్సు ఎక్కేటప్పుడు రెండూ ఉన్నాయి నా దగ్గర. మా వీధి మలుపు తిరిగేసరికి ఒకటే ఉంది.

ఆ కొంచెం ప్రమాదం నిజమే కదా. రేపు పెరిగితే ఎవరు బాధ్యులు? భార్యగా నాకు భయం ఉండదా? ఆయన మేలు కోసమే.

ఏప్రిల్ 25

ఆయన మేలు కోసమే.

ఏప్రిల్ 29

సర్జన్ దగ్గర. స్కాన్ బొమ్మ చూసి తల ఊపారు. "నేను మొదట్నుంచీ ఇదే అన్నాను. అయినా స్కానింగ్ డాక్టర్ మీకు వివరంగా చెప్పారు కదా? ఏదైనా సందేహం ఉంటే నేరుగా వెళ్లి మాట్లాడండి, పక్క బిల్డింగే. నేను ఆగుతాను."

నేను ఫైలు ఒళ్లోకి లాక్కున్నాను.

"అక్కర్లేదు," అన్నారు ఈయన. "మా ఆవిడ విని వచ్చింది. దీనికి అబద్ధం ఆడేంత తెలివి లేదు, డాక్టర్."

సర్జన్ మర్యాదకి నవ్వి నా వైపు తిరిగారు. "ఏమ్మా, అంతేనా?"

ఒక్క మాట. పక్క బిల్డింగ్‌కి వెళ్దాం పదండి అంటే సరిపోయేది. ఆయన నా తెలివి మాట ఎత్తకుండా ఉంటే అనేదాన్నేమో. కచ్చితంగా అనేదాన్ని.

తల ఊపాను. తెలివి లేనిదాన్ని కదా.

మే 5

రేపు ఆపరేషన్. సాయంత్రం వార్డులో మంచం మీద నిలబడి పాట పెట్టారు. అమ్మకానికి ఆయన మంచమే. "పరుపు పాతది, దిండు కొత్తది, పక్కన కిటికీ, కిటికీలోంచి నర్సుల గది. ఎవరిదండీ మొదటి మాట?" కుట్లతో ఉన్న ముసలాయన ఒకడు చెయ్యెత్తి పాడాడు. ఎదురు మంచం అతను పెంచాడు. నర్సులు గుమ్మంలో నిలబడిపోయారు. పక్క వార్డువాళ్లు సెలైను స్టాండ్లు తోసుకుంటూ వచ్చారు. ఆ గొంతు గోడలకి తగిలి తిరిగి వస్తుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఎంత బాగా పాడతారో ఇన్నేళ్లలో ఒక్కసారీ మార్కెట్‌కి వెళ్లి వినలేదు నేను.

"ఒకటోసారి," అన్నారు. "రెండోసారి," అన్నారు. ఆగారు. అందరూ ఎదురుచూశారు.

"మూడోసారి అనను. అంటే అమ్ముడైపోతుంది."

దిగి పడుకుని, గోడవైపు తిరిగారు. అప్పుడు కూడా చెప్పలేదు నేను. ఆపరేషన్ల బోర్డు మీద పేరు రాసేశారు, గది సిద్ధమైంది, అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. ఎలా చెబుతాను?

మే 6

అయింది.

మే 10

ఎడమ సగం తీసేసి, మణికట్టు దగ్గర చర్మం తీసి అక్కడ అతికారు. గొంతులో ట్యూబు. అమ్మాయి నా భుజం మీద తల పెట్టుకుని, "నువ్వెలా తట్టుకుంటున్నావమ్మా," అంది. బాగానే తట్టుకుంటున్నాను.

మే 17

డాక్టరమ్మ కారిడార్లో కనిపించి ఆపింది. కోసిన ముక్కను పరీక్ష చేసిన ఫలితం వచ్చిందట.

"మంచి వార్తండీ. ఎక్కడా జబ్బు లేదు. ముందు వేసిన లైటే మొత్తం చంపేసింది. ఆ తెల్లమచ్చ వాపే."

నేను గోడ పట్టుకున్నాను. సంతోషంతో అనుకుంది.

"ఆగి ఉంటే బాగుండేది," అంది మెల్లగా. "ఆయన ఆగనన్నారని సర్జన్ చెప్పారు. భయం మరి. అర్థం చేసుకోగలం."

అవుననలేదు, కాదనలేదు.

వార్డులోకి వెళ్లి ఆయనకి చెప్పాను. "జబ్బు ఎక్కడా లేదట." నిజమే కదా. ఆయన కళ్లు మూసుకున్నారు. తెరిచి పలక కోసం చెయ్యి చాపారు. ఓపిక లేని మనిషి, అక్షరం అక్షరం పేర్చుకుంటూ రాశారు.

"నువ్వు చెప్పబట్టి బతికాను."

మే 18

ఏమీ రాయను.

జూన్ 23

ఇంటికి వచ్చి చాలా రోజులైంది. మాట వస్తోంది కానీ ముద్దగా, నీళ్లలోంచి వచ్చినట్టు. ఎవరికీ అర్థం కాదు. నాకు అర్థమవుతుంది. ఇన్నేళ్లు విన్నదాన్ని, సగం మాటకే మిగతా సగం తెలిసిపోతుంది.

మార్కెట్ నుంచి లెక్కలాయన వచ్చాడు. ఈయన ఏదో అంటే నా వైపు చూశాడు. "ఏమంటున్నారు వదినా?"

"కొత్త పాటగాడు ఎలా ఉన్నాడని అడుగుతున్నారు."

"ఏదో లెండి. మైకు పెట్టుకుంటున్నాడు," అన్నాడు.

ఈయన నవ్వబోయారు. నవ్వితే చొంగ కారుతుంది. తుడిచాను.

ఇప్పుడు ఎవరొచ్చినా నాతోనే మాట్లాడతారు. పాలవాడు, బ్యాంకువాళ్లు, ఫోన్లో అమ్మాయి. నాన్న ఏమంటున్నారమ్మా, అంటుంది. నేను చెబుతాను. ఆయన మాటలు నా నోట్లోంచి వెళ్తున్నాయి. మొద్దు అన్న పేరు మాత్రం ఆయనకి ఇక పలకదు. "ద" అనాలంటే నాలుక పైపళ్లను గట్టిగా తాకాలట. ఆస్పత్రిలో మళ్లీ మాటలు నేర్పే స్పీచ్ టీచరమ్మ చెప్పింది.

జూలై 9

ఆయన మెత్తబడ్డారు. జావ తాగించాక నా మణికట్టు పట్టుకుని కాసేపు ఉంచుకుంటారు. కిటికీ కర్టెన్లు తీసేశాను. టీచరమ్మ మళ్లీ రెండు జాకెట్లు ఇచ్చింది. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఫ్రిజ్ చప్పుడుకి ఉలిక్కిపడుతున్నాను.

ఇదే కదా కావలసింది.

ఆగస్టు 4

మళ్లీ స్కాన్. ఇద్దరం డాక్టరమ్మ గదిలో కూర్చున్నాం.

"అంతా శుభ్రంగా ఉంది," అంది. తర్వాత ఉత్సాహంగా పాత బొమ్మలన్నీ వరసగా తెరిచింది. "మీ స్కాన్లు ఇప్పుడు మా విద్యార్థులకి పాఠం చెప్పడానికి వాడుతున్నానండీ. చూడండి, ఇది లైటుకు ముందు. ఇది తర్వాత, మొత్తం నలుపు. ఇదిగో, ఏప్రిల్లో తీసింది. ఈ తెల్లమచ్చే మనల్ని మోసం చేసింది. వాపే కదా పాపం."

ఆయన ముందుకు వంగారు. ఆ బొమ్మని చూశారు. నన్ను చూశారు. మళ్లీ బొమ్మని చూశారు. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి అడిగారు. పెదవులు బిగించి, మెడనరాలు ఉబ్బేలా కష్టపడి అడిగారు.

ఆవిడ అర్థం కాక నన్ను చూసింది. "ఏమంటున్నారు?"

నాకు ప్రతి అక్షరం తెలిసింది. "ఆగి ఉంటే ఏమయ్యేది?"

"థాంక్స్ చెబుతున్నారు," అన్నాను.

డాక్టరమ్మ ముఖం విప్పారింది. "అయ్యో, నాదేముందండీ," అంటూ ఆయన చెయ్యి అందుకుని ఊపింది.

నాలుక సగమే పోయింది. చెవులు రెండూ ఉన్నాయి. ఆయన నన్నే చూస్తున్నారు. చొక్కా జేబులో పెన్ను ఉంది. బల్ల మీద కాగితాలు ఉన్నాయి. పెన్ను తీయలేదు. ఆవిడ చేతిలోంచి తన చెయ్యి వెనక్కి తీసుకుని లేచి నిలబడ్డారు.

బస్సులో నా పక్కన కూర్చోలేదు.

ఆగస్టు 5

ఏమీ అనలేదు.

ఆగస్టు 9

నాతో ఒక్క మాట లేదు. జావ తనే కలుపుకుంటున్నారు. చొంగ తనే తుడుచుకుంటున్నారు. చెయ్యి పెట్టబోతే ముఖం పక్కకి తిప్పుకున్నారు. తిట్టినా బాగుండును. తిట్టడానికి నేనే ఏమీ మిగల్చలేదు.

అన్నం దగ్గర కూర్చున్నప్పుడు చెప్పేశాను. "ఆరు వారాలు ఆగమన్నారు. నేను మీకు చెప్పలేదు." నాకే వినిపించనంత చిన్నగా వచ్చింది. ఆయన ముద్ద మింగడం పూర్తిచేశారు. మింగడానికి ఇప్పుడు చాలాసేపు పడుతుంది. కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లి కడిగి పెట్టారు. ఇన్నేళ్లలో ఆయన కంచం ఆయన కడగడం ఇదే.

ఆగస్టు 13

స్పీచ్ టీచరమ్మ మెచ్చుకుంది. "ఉన్నట్టుండి బాగా సాధన చేస్తున్నారే. ఈ పట్టుదల ఇంతకుముందు లేదు." అద్దం ముందు చదవమని ఆవిడ ఇచ్చిన మాటల కాగితం బల్ల మీదే ఉంది, మడత విప్పలేదు.

పొద్దున లేవగానే గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటున్నారు. మధ్యాహ్నం కూడా.

ఆగస్టు 16

ఒకే వాక్యం. అద్దం ముందు నిలబడి, అదే మళ్లీ మళ్లీ. మొదట "ఆగి" ఒక్కటే తెలిసేది. నిన్నటినుంచి "ఉంటే" కూడా తెలుస్తోంది.

అమ్మాయి ఆదివారం వస్తానని ఫోన్ చేసింది. "నాన్న గొంతు వినిపిస్తోందే వెనకాల. ఏమంటున్నారు?" అంది.

"సాధన చేస్తున్నారు," అన్నాను.

కుట్టుమిషను ఆపి వింటున్నాను. "ట" దగ్గర తడబడుతున్నారు. తడబడినప్పుడల్లా నాకు తెలియకుండానే నా నాలుక పైకి లేచి, అంగిలికి తగిలి, ఆయన కోసం ఆ అక్షరం పలుకుతోంది.